విరిగిన పడవ దగ్గర

తాగుబోతు మొగుడితో ఎన్ని పడ్డావో తల్లీ అంటూ ఆ పెద్దావిడ తన మణికట్టు పట్టుకున్నప్పుడు, వల వదిన ఆ మాట మరెవరి గురించో అనుకుంది.

ఆవిడ టూరు బండిలో వచ్చిన మనిషి, రిటైరయిన నర్సు. మిగతావాళ్లు దడి పక్కన ఆరేసిన వలల ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటే ఆవిడ ఒక్కతే వచ్చి పీట లాక్కుని కూర్చుంది. వల కన్నుల్లోంచి సూది ఎలా దూరి వస్తోందో కాసేపు చూసింది. ఆ తర్వాతే ఈ మాట అంది. మా వార్డులో ఇలాంటి ఇల్లాళ్లను ఎంతమందిని చూశానో అని కూడా అంది. ఆవిడ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

"మా ఆయన తాగేవాడని ఎవరు చెప్పారమ్మా?" అని అడిగింది వల వదిన.

ఆవిడ తడబడి గేటు వైపు చూసింది. అక్కడ గైడు ఒక కుర్రజంటకు సముద్రం వైపు చెయ్యి చాపి ఏదో చెబుతున్నాడు. "అతనే చెప్పాడు, ఆ విరిగిన పడవ దగ్గర. నేను అనకుండా ఉండాల్సింది" అని ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

వల వదిన మళ్లీ వల మీదికి వంగింది. సూది కదిలించబోతే దారం ముడిలోనే బిగిసిపోయింది. పెళ్లికి ముందు నుంచీ చేస్తున్న పని. ముడి తప్పి పడిన గుర్తు ఆమెకు ఎప్పుడూ లేదు. చాకు తీసి ఆ ముడిని కోసేసింది.

బండి వెళ్లేటప్పుడు గైడు ఎప్పటిలాగే "వెళ్లొస్తాం వదినా" అని అరిచాడు. ఆమె కూడా ఎప్పటిలాగే తలూపింది.

ఆ ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ ఆమె వల వదినే. ఏ పడవలో వల చిరిగినా ముందు ఆమె వాకిట్లోకి రావాల్సిందే. గైడును అందరూ మైకు అంటారు. పుట్టడమే పెద్ద గొంతుతో పుట్టాడు. టూర్ల కంపెనీవాళ్లు నిజంగానే మెడలో మైకు తగిలించాక ఆ పేరు అతికినట్టు సరిపోయింది. పొద్దున ఒక ఊళ్లో చేపల వేలంపాట, తర్వాత ఈ ఊరి చివర ఒడ్డున పడివున్న విరిగిన పడవ, అక్కణ్నుంచి వల వదిన వాకిలి, మధ్యాహ్నం పక్క ఊళ్లో భోజనం. అదీ ఆ టూరు. బండిలో ఏడెనిమిది మందికి మించి ఎక్కించరు. కొద్దిమందైతేనే ఊళ్లు దగ్గరగా చూడొచ్చని మైకు చెబుతుంటాడు.

ఆ విరిగిన పడవను నడిపిన సరంగు ఆమె మొగుడే. అది బోల్తాపడిన రోజు అందులో ఉన్నది సరంగు, మైకు ఇద్దరే. సరంగు రాలేదు. మైకు వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె చిరిగిన వల ఒకటి భుజాన వేసుకుని ఊరి చివరికి నడిచింది. విరిగిన పడవకు కాస్త ఇవతల రంగు వెయ్యడానికి ఒడ్డెక్కించిన మరో పడవ ఉంది. దాని నీడలో వల పరుచుకుని కూర్చుంది. చిరుగు చుట్టూ వేలాడుతున్న పోగుల్ని చాకుతో శుభ్రంగా కత్తిరించింది. పాత ముడుల మీద కొత్త దారం నిలవదు. ముందు మంచి అంచు దొరికేదాకా కోసుకుంటూ పోవాలి. బండి చప్పుడు వినబడేసరికి చిరుగు మొదటికన్నా చాలా పెద్దదైంది.

డ్రైవరు సిగరెట్ వెలిగించుకుందామని పడవ చాటుకు వచ్చి ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు. ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది. అతను కాసేపు నిలబడి, కథ మొత్తం తనకు కంఠతా అనీ, నెలనెలా అందులో అలలు పెరుగుతున్నాయనీ గొణిగి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మైకు గొంతు స్పష్టంగా వినిపించింది. ఆకాశం నల్లబడటం, ఇంజను దగ్గి ఆగిపోవడం, గాలి అడ్డం తిరగడం, అన్నీ బాగా చెప్పాడు. ఆమెకే ఒకచోట గుండె పట్టుకున్నట్టయింది. ఆ తర్వాత అతను గొంతు తగ్గించాడు. సరంగు మంచివాడే కానీ మందు ముందు ఏమీ కనిపించేది కాదన్నాడు. ఆ రోజు కూడా తెల్లారేసరికే తాగి పడవెక్కాడని, వెళ్లొద్దని తాను కాళ్లు పట్టుకున్నా వినలేదని చెప్పాడు. పడవ తిరగబడ్డాక తేలుతూ కనిపించింది ఒకే ఒక్క ఖాళీ ప్లాస్టిక్ క్యాను. అది తన చేతికి దొరికితే సరంగుకు ఇచ్చేశాడట. జుట్టు పట్టుకుని ఒడ్డువైపు లాగాడట. మత్తులో సరంగు చేతులు పట్టు వదిలేశాయట.

"ఇప్పటికీ ఆవిడ సముద్రం వైపు చూస్తూ వలలు అల్లుతూనే ఉంటుంది. మొగుడు తిరిగి వస్తాడని. పదండి, చూద్దురుగాని" అన్నాడు.

చప్పట్లు వినిపించాయి.

 సూదిని అరచేతిలో అదిమిపెట్టుకున్నానని వల వదినకు రక్తం చూశాకే తెలిసింది. పడవ బోల్తాపడిన సాయంత్రం, ఒంటినిండా ఇసుకతో వచ్చి ఆమె పాదాల దగ్గర కూలబడి మైకే అసలు సంగతి చెప్పాడు. క్యాను సరంగు చేతికి దొరికింది. అతను దాన్ని ఇతని చంకలోకి తోశాడు. నాకు ఈత వచ్చులే, నువ్వు పట్టుకో అన్నాడు. ఆ తర్వాత కనబడలేదు. ఈ మాట ఎవరికీ చెప్పొద్దనీ, చెబితే ఊళ్లో తలెత్తుకోలేననీ మైకు ఆ రోజు ఆమె కాళ్లు వదల్లేదు. ఆమె మాటిచ్చింది. కన్నకూతురికి కూడా చెప్పలేదు.

పడవ చాటున కథ విన్న రోజు సాయంత్రం మొదటిసారి చెప్పింది. కూతురు ఐస్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. మంచు పట్టి తిమ్మిరెక్కిన వేళ్లను వేడినీళ్ల గిన్నెలో పెట్టుకుని వింది. వల వదిన తమ్ముడు గుమ్మంలో నిలబడి విన్నాడు. పూర్తయ్యాక కూతురు వేళ్లు నీళ్లలోంచి తీసి తుడుచుకుంది.

"నాన్న తాగి చచ్చిపోయాడట కదా అని ఫ్యాక్టరీలో ఒకావిడ అడిగింది. ఎవరో పనికిమాలిన మాట అనుకున్నాను. నువ్వు నోరు మూసుకున్నావు కాబట్టే వాడు తెరిచాడమ్మా" అంది చివరికి.

తమ్ముడు అప్పటికే చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. రేపు బండి దిగగానే నాలుగు తగిలిస్తే మైకు పగిలిపోతుందన్నాడు. వల వదిన వద్దంది.

"కొడితే ఆ దెబ్బలు కూడా కథలో కలిపేస్తాడు. అందరూ అయ్యో పాపం అంటారు."

కంపెనీకి ఫోన్ చేస్తానంది కూతురు. దానికీ ఒప్పుకోలేదు. ఫోన్‌లో చెబితే ఎవరో అమ్మాయి తీయగా సారీ చెప్పి పెట్టేస్తుంది. తనకు సారీ అక్కర్లేదు. వాడి మాట నమ్మి చప్పట్లు కొట్టేవాళ్ల ముందు, అదే పడవ దగ్గర, అదే నోటితో వాడు కక్కాలి. ఎలాగో మాత్రం ఆమెకు ఇంకా తెలియదు. అన్నం రెండు ముద్దలు తిని, కంచం పక్కన పెట్టేసింది.

దారి మైకే చూపించాడు. మర్నాడు టూరు లేదు. మధ్యాహ్నం మడతనలగని చొక్కాతో వచ్చి, పీట మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. రేపు కంపెనీ మేడమ్ స్వయంగా వస్తోందట. వెంట పత్రికలవాళ్లు కూడా ఉంటారట. టూరు నచ్చితే ఈ తీరం మొత్తానికి తనను హెడ్ గైడు చేస్తారట. ఇదంతా చెప్పి, గొంతు తగ్గించి, ఒక చిన్న సాయం అన్నాడు.

"రేపు మంచి బట్టలు కట్టుకోకు వదినా. ఇవే బాగుంటాయి, కాస్త వెలిసిపోయి. వాళ్లు వచ్చేసరికి సముద్రం వైపు తిరిగి కూర్చో. నవ్వొద్దు."

"నవ్వను" అంది వల వదిన.

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అతను సంబరపడ్డాడు. మంచినీళ్లు అడిగితే ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అతని గొంతు ముడి పైకీ కిందికీ కదలడం చూస్తూ నిలబడింది. ఆ గొంతులోకి ఉప్పునీళ్లు పోకుండా ఆపిన మనిషి గురించి ఆలోచించింది. అతను వెళ్లాక, చాలా రోజుల తర్వాత, పెట్టెలోంచి తన మంచి బట్టలు తీసి మడతలు విప్పి గాలికి ఆరేసింది.

మర్నాడు టూరు బండి విరిగిన పడవ దగ్గరకు వచ్చేసరికి ఆమె అక్కడే ఉంది. తల నున్నగా దువ్వుకుంది. పెళ్లికి వెళ్తున్నదానిలా తయారైంది. బండి దిగిన మైకు ఆమెను చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నవ్వు తెచ్చుకున్నాడు. ఈమే నేను చెప్పిన వల వదిన, తర్వాత ఈమె ఇంటికే వెళ్తాం అని అందరికీ చెప్పి, ఎండలో ఎందుకొచ్చావు, ఇంటికి పద, వెనకాలే వస్తాం అన్నాడు.

"కథ వినడానికొచ్చాను. అందరూ విన్నారు. నేనే వినలేదు."

మేడమ్ సన్నగా, పొడుగ్గా, నల్లకళ్లజోడుతో ఉంది. ఆవిడకు ఆ మాట చాలా నచ్చింది. బండిలోంచి మడత కుర్చీ తెప్పించి ముందు వరసలో వేయించింది. వల వదిన కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

మైకు మొదలుపెట్టాడు. ఆకాశం నల్లబడింది. ఇంజను దగ్గి ఆగింది. గాలి అడ్డం తిరిగింది. గొంతు బాగానే ఉంది కానీ కళ్లు ఆమె మీంచి జారిపోయి పక్కనున్న మనిషి మీద, అక్కణ్నుంచి పడవ మీద పడుతున్నాయి. ఎప్పుడూ గొంతు తగ్గించే చోటుకు వచ్చాడు.

"సరంగు ఆ రోజు..." అని ఆగిపోయాడు.

"ఆ రోజు?" అన్నాడు పత్రికతను, ఫోన్ ముందుకు చాపి.

మైకు ఆమెను చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. ముఖంలో కోపం కూడా లేదు. చిరుగు ఎక్కడిదాకా పోయిందో చూసే చూపు అది.

"సరంగు ఆ రోజు తెల్లారే... టీ తాగి వచ్చాడు."

ఎవరో నవ్వారు. వల వదిన నవ్వలేదు.

"టీ నేనే పెట్టిచ్చాను. తర్వాత?"

పడవ తిరగబడిందన్నాడు. అలల గురించి మళ్లీ చెప్పాడు. ఇందాక చెప్పినవే చెబుతున్నాడని అతనికి తెలిసినట్టు లేదు. ఒక క్యాను తేలుతూ కనిపించిందన్నాడు.

"ఎవరి చేతికి దొరికింది?" అని అడిగింది ఆమె.

మైకు మెడలోని తాడును వేలితో వదులు చేసుకున్నాడు.

"సరంగు చేతికి."

"తర్వాత ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలో."

"లాక్కున్నావా?"

"లేదు వదినా. ఆయనే ఇచ్చాడు." ఈసారి మెడలో మైకు లేకపోతే ఆ మాట వెనకవాళ్లకు వినిపించేది కాదు. "నాకు ఈత వచ్చులే, నువ్వు పట్టుకో అన్నాడు."

పత్రికతను ఫోన్ దించి, మీ టూరు కరపత్రంలో సరంగును కాపాడబోయింది గైడు అని ఉందే అన్నాడు. మేడమ్ కళ్లజోడు తీసింది. సరంగు తాగి ఉన్నాడని కూడా అందులో రాసి ఉంది. మైకు ఇసుకలోకి చూస్తూ అది అబద్ధమన్నాడు. ఆయన తాగడన్నాడు. ఆయన ఇవ్వబట్టి తాను బతికానన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేకపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే అలాగే విరిగిన పడవ అంచు మీద కూర్చుండిపోయాడు.

వల వదిన ఎదురుచూసిన క్షణం ఇదే. ఇప్పుడు వాళ్లు ముఖం తిప్పుకుంటారనుకుంది. ఎవరో ఒకరు ఛీ అంటారనుకుంది.

ఎవరూ అనలేదు. ఒకావిడ నీళ్ల సీసా మూత తీసి మైకుకు అందించింది. పత్రికతను పక్కన కూర్చుని వీపు నిమిరాడు. ఇన్నేళ్లు ఇది గుండెల్లో పెట్టుకుని ఎలా బతికావయ్యా అన్నాడు. ఒక్కొక్కరే వెళ్లి అతని చుట్టూ చేరారు. మడత కుర్చీలో ఆమె ఒక్కతే మిగిలింది.

భోజనానికి మేడమ్ ఆమెను కూడా బండిలో ఎక్కించుకుంది. పక్క ఊళ్లో తాటాకు పందిరి కింద బల్లలు వేశారు. అన్నం, వేయించిన చేపలు వడ్డించారు. ఎదురుగా కూర్చున్న పత్రికతను మెల్లగా, అతన్ని క్షమించారా అని అడిగాడు. ఆమె ఉప్పు ఇటివ్వమంది. అతను ఉప్పు అందించి తన కంచం వైపు తిరిగాడు.

మైకు ముఖం కడుక్కుని వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నా మనిషి తేటపడ్డాడు. నడకలో కూడా ఏదో సడలింది. నీళ్ల జగ్గు పట్టుకుని ఇంటి మనిషిలా ఆమె గ్లాసు నింపడానికి వచ్చాడు. వంగి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"గుండె తేలికైంది వదినా. ఇన్నేళ్ల తర్వాత ఇవాళ ఊపిరాడుతోంది. నీకు దండం పెట్టాలి."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాడి నెత్తిన బరువు పెడదామని వచ్చి, ఉన్న బరువు కూడా తనే దింపింది. ఇవాళ రాత్రి వాడికి హాయిగా నిద్రపడుతుంది. చెంప మీద ఒక్కటి ఇచ్చినా ఇంతకన్నా నయంగా ఉండేది. తమ్ముడి మాట వినాల్సింది అనుకుంది. ముద్దను మళ్లీ కంచంలో వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేవబోయింది.

అప్పుడు మేడమ్ బల్ల చివరి నుంచి మైకును పిలిచింది. ఆవిడ గొంతులో కోపం లేదు. పని మాట్లాడే గొంతు. కరపత్రం మార్పిస్తానంది. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పినందుకు ఉద్యోగంలోంచి తీసెయ్యాల్సిందేననీ, కానీ ఇవాళ విన్నది తాను ఎక్కడా వినలేదనీ చెప్పింది.

"రేపట్నుంచి ఇదే చెప్పు. ఒక్క మాట మార్చకుండా, ఇవాళ చెప్పినట్టే."

జగ్గు మూతి గ్లాసు మీద ఆగింది. "రోజూనా మేడమ్?"

"రోజూ. ప్రతి బండికీ. లేదంటే ఇవాళే మైకు తీసి ఇచ్చెయ్యి." ఆవిడ వల వదిన వైపు తిరిగి, గొంతు మార్చి మర్యాదగా అడిగింది. "మీరు ఇవాళ్టిలాగే ముందు కూర్చుని అడుగుతుంటే అతనికి మాట తప్పే వీలుండదు. మీకు కష్టం కాకపోతే రాగలరా?"

మైకు ఆమెను చూశాడు. ఇందాక పడవ దగ్గర చూసిన చూపుకన్నా ఇది వేరు. ఇందాకటి తేటదనం ముఖంలోంచి కొంచెం కొంచెంగా దిగిపోవడం, పెదవులు పొడిబారడం ఆమె కళ్లారా చూసింది. ఒక్కసారి ఏడిస్తే బరువు దిగుతుంది. అదే మాట రేపు, ఎల్లుండి, కొత్త ముఖాల ముందు, తన ముందు చెప్పాల్సి వస్తే? ఇలాంటి శిక్ష తనే ఆలోచించినా ఇంత బాగా ఆలోచించలేకపోయేది.

"వస్తాను" అంది.

కంచం దగ్గరకు లాక్కుంది. అన్నం కలిపి, ముల్లు తీసి, చేప ముక్కను నిదానంగా తింది. నాలుగు రోజులుగా లేని ఆకలి ఒక్కసారిగా వేసింది. అయిపోయాక, ఇంకో ముక్క ఉందా అని అడిగింది. మైకే తెచ్చి వడ్డించాడు.

మర్నాడు పొద్దున, కూతురు ఫ్యాక్టరీకి వెళ్లాక, మైకు బండిని వీధి చివర ఆపించి ఒక్కడే నడిచి వచ్చాడు. రాత్రి నిద్రపోయిన ముఖం కాదు. వల వదిన గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది. అతను పీట మీద కూర్చోలేదు. ఒంట్లో బాగాలేదని మేడమ్‌తో చెప్పమన్నాడు. కనీసం ఇవాళ్టికి రావొద్దన్నాడు. ఆమె దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసి చుట్టచుట్టింది.

"నిన్న ఒక్కసారికే ప్రాణం మీదికొచ్చింది వదినా. రోజూ నా వల్ల కాదు."

"అలవాటవుతుంది. ఆయన పోయాక నాకందరూ అదే చెప్పారు."

మైకు గడప దగ్గరే నిలబడ్డాడు. అడగాలా వద్దా అని అతని నోరు ఒకసారి తెరుచుకుని మూసుకుంది. చివరికి అడిగాడు.

"అలవాటయిందా?"

"లేదు" అంది వల వదిన. లేచి బట్టలు దులుపుకుని, తలుపు దగ్గరకు వేసి తాళం పెట్టింది. అతని కన్నా ముందు నడిచి, బండి ఎక్కి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. ఇవాళ ఎంతమంది ఉన్నారని అడిగింది. బండి నిండిపోయిందన్నాడు డ్రైవరు.

మైకు ఇంకా వీధిలోనే ఉన్నాడు. ఆమె కిటికీ అద్దం దించి అతను వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూసింది.